ఇంటి కుక్క, పిల్లి నొప్పిని గుర్తించడమెలా?

నాడి చూచి, నాలుక చూచి, నడక చూచి మనిషి బాధను పసిగట్టడం నా వృత్తి. గురువుగారి ఇంట పదేళ్లు ఉండి నేర్చుకొన్న విద్య అది. నలభై ఏళ్లకు పైగా జనగామలో దానితోనే జీవిస్తున్నాను. నెలకొకసారి మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలకు కూడా వెళ్లి రోగులను చూస్తుంటాను. అయినా నా ఇంట్లో, నా కళ్ల ముందు తిరిగే పిల్లి బాధను నేను గుర్తించలేకపోయాను. ఆ సంగతి చెప్పిన తరువాతే ఈ పాఠం మొదలుపెట్టడం న్యాయమని తోస్తున్నది.

అది నాలుగేళ్ల గండుపిల్లి. ఒక ఆదివారం ఉదయం పెరట్లోని ఇసుక కుప్పలో గొయ్యి తీసి కూర్చుంది. కాసేపటికి లేచి, మరోచోట గొయ్యి తీసి మళ్లీ కూర్చుంది. ముక్కుతున్నది కాని ఏమీ రావడం లేదు. మలబద్ధకమని నిశ్చయించి, పాలలో అర చెంచా ఆముదం కలిపి పట్టించాను. సాయంత్రానికి అది మంచం కింద చేరింది. పిలిస్తే రాలేదు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకొంది. ఆముదం పనిచేస్తున్నదని అనుకొన్నాను. మరునాడు మధ్యాహ్నం పశువైద్యుని వద్దకు తీసుకుపోతే ఆయన పొట్టమీద చేయి వేసి చూచి, "ఇది మలబద్ధకం కాదు సార్, మూత్రం బిగిసింది. నిన్ననే తేవాల్సింది" అన్నారు. మూత్రాశయం బత్తాయి కాయలా గట్టిపడి ఉంది. గొట్టం వేసి మూత్రం తీశారు. కాని అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మూడవనాడు తెల్లవారుజామున అది కన్ను మూసింది.

సుశ్రుతుడు 12 విధాలుగా వివరించిన మూత్రాఘాతాన్ని శిష్యులకు పాఠం చెప్పినవాణ్ని నేను. ఆ వ్యాధే నా పెరట్లో ఎదురుగా కూర్చుంటే ఆముదం పట్టించాను. అందులో నా తప్పులు రెండు. కంటికి కనిపించినదాన్ని సరిగా చదవలేకపోవడం మొదటిది. చదవలేని స్థితిలో మందు ఇవ్వడం రెండవది. ఈ రెండూ పాఠకుల ఇళ్లలో జరగకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మూగజీవులు నొప్పిని ఎందుకు దాచుకొంటాయి?

మన జనగామ జిల్లా బమ్మెరకు చెందిన పోతనగారి గజేంద్రుడు బాధ కలిగినప్పుడు గొంతెత్తి మొరపెట్టుకొన్నాడు. మన ఇంటి కుక్క, పిల్లి అలా మొరపెట్టుకోవు. కాలు తెగితేనో, తోక తలుపు సందున పడితేనో అరుస్తాయి. అది హఠాత్తుగా వచ్చిన నొప్పి. రోజుల తరబడి లోలోపల తినే నొప్పికి అవి దాదాపు ఎప్పుడూ నోరు విప్పవు. పిల్లి విషయంలో ఇది మరీ నిజం. పిల్లి వేటాడే జంతువు. తనకంటె పెద్ద జంతువులకు వేటగా చిక్కే జంతువు కూడా. అడవిలో బలహీనత బయటపెట్టిన ప్రాణి శత్రువు కంటబడుతుంది. అందుకే బాధ కలిగినప్పుడు మూలకు చేరి కదలకుండా ఉండడం దాని స్వభావమైంది. మన పడకగదిలో పడుకొనే పిల్లిలోనూ ఆ స్వభావం పోలేదు.

నోరు లేకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు. నొప్పిని గురించి పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, చెప్పుకోలేనంత మాత్రాన మనిషికి గాని జంతువుకు గాని నొప్పి లేదని భావించరాదని స్పష్టం చేసింది. మన పెద్దలకు ఇది కొత్త మాట కాదు. శాలిహోత్రుడు గుర్రాలకు, పాలకాప్యుడు ఏనుగులకు ప్రత్యేకంగా వైద్యశాస్త్రాలే చెప్పారు. నోరులేని రోగిని పరీక్షించే పద్ధతి తెలియకుండా అటువంటి శాస్త్రం పుట్టదు.

ఆ పద్ధతి ఏమిటి? రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడింటితో పరీక్షించాలని ఆయుర్వేదం చెబుతుంది. చూడటం, తాకటం, అడగటం. కుక్కను, పిల్లిని అడగలేం కాబట్టి ఆ ప్రశ్న ఇంటివారిని అడగాలి. నిజానికి మూడింటిలోనూ మొదట రావలసింది అదే.

మొదటి పరీక్ష - ప్రశ్న

గృహస్థులు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: "ఇది రోజూ చేసే పని ఏది మానేసింది? ఎన్నడూ చేయని పని ఏది చేస్తున్నది?" నొప్పికి అన్ని జంతువులకూ సరిపోయే ఒకే గుర్తు లేదు. ఆ జంతువు నిన్నటి వరకు ఎలా ఉందో దానితో పోల్చి చూచినప్పుడే నేటి మార్పు తెలుస్తుంది. ఈ జ్ఞానం ఎంత గొప్ప పశువైద్యునికైనా ఉండదు. దానికి అన్నం పెట్టే ఇల్లాలికి, దానితో ఆడుకొనే పిల్లలకు మాత్రమే ఉంటుంది.

ఈ కింది విషయాలు ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించుకోవచ్చు.

1. తిండి: ముందటిలాగే తింటున్నదా? గిన్నె వద్దకు వచ్చి వాసన చూచి వెనుదిరుగుతున్నదా? ఒక పక్కనే నములుతున్నదా? ముద్ద నోటినుంచి జారిపోతున్నదా? చివరి రెండూ పంటి నొప్పికి గుర్తులు.

2. నిద్ర: రాత్రి తిరుగుతూ, పడుకొంటూ, లేస్తూ ఉంటున్నదా? ఎప్పుడూ పడుకొనే చోటు మార్చిందా?

3. ఎక్కడం, దిగడం: మెట్లు ఎక్కడానికి వెనకాడుతున్నదా? పిల్లి ఒక్క దూకున ఎక్కే అటకను ఇప్పుడు కుర్చీ మీదుగా రెండు దూకుల్లో ఎక్కుతున్నదా?

4. మలమూత్రాలు: ఇంట్లో ఎన్నడూ మూత్రం పోయని జంతువు పోస్తున్నదా? దీన్ని పొగరుగా భావించి కొట్టేవారున్నారు. గట్టు ఎక్కి ఇసుకలోకి దిగలేని కీళ్లనొప్పో, మూత్రం పోసేటప్పుడు కలిగే మంటో కారణం కావచ్చు.

5. స్వభావం: కలుపుగోలుగా ఉండే జంతువు ఒంటరితనం కోరుతున్నదా? ఎన్నడూ దగ్గరకు రానిది హఠాత్తుగా వదలకుండా అంటిపెట్టుకొంటున్నదా? ఎత్తుకొంటే గుర్రుమంటున్నదా?

ఈ అయిదవ అంశాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో మహబూబాబాద్‌లో చూచాను. మానుకోటలో నేను దిగే ఇంటి పక్కన పదకొండేళ్ల బొచ్చుకుక్క ఒకటి ఉంది. ఒకసారి ఆ ఇంటి పెద్దాయన వచ్చి, "దీనికి పిచ్చి లేసినట్టుంది అయ్యగారూ, మనుమని చెయ్యి పట్టబోయింది. ఎక్కడన్న ఇడిసిపెట్టి వద్దామనుకుంటున్నం" అన్నాడు. కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నారు. తిండి, నీరు మామూలే. ఎప్పుడు కరవబోయిందని అడిగాను. పిల్లవాడు నడుము కింద చేయివేసి ఎత్తుకొన్నప్పుడట. అంతకుముందు కూడా ఒకసారి అలాగే జరిగిందట. మూడు నెలలుగా డాబా మెట్లు ఎక్కడం లేదని, ముసలితనమనుకొన్నామని చెప్పారు. నేను మందేమీ చెప్పలేదు. పశువైద్యునికి చూపించి, ఆ తరువాత ఏ నిర్ణయమైనా తీసుకోండి అన్నాను. తుంటి కీళ్లు అరిగిపోయినట్లు పరీక్షలో తేలింది. చికిత్స మొదలైన మరుసటి నెల నేను వెళ్లేసరికి ఆ కుక్క పిల్లవాని పక్కనే పడుకొని ఉంది. ఒక్క ప్రశ్న అడగకపోతే అది ఏ ఊరి పొలిమేరలోనో ఆకలితో తిరుగుతూ ఉండేది.

రెండవ పరీక్ష - దర్శనం

రోగి నోరు తెరవకముందే, అతడు గుమ్మం ఎక్కేటప్పుడే సగం రోగం చూడాలని మా గురువుగారు చెప్పేవారు. జంతువు విషయంలో ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. దానికి తెలియకుండా, దూరంగా కూర్చుని పది నిమిషాలు గమనించండి. నలుగురు చుట్టూ చేరి చూస్తే కుక్క ఉత్సాహంలో నొప్పిని మరచి తోక ఊపుతుంది, పిల్లి దాక్కుంటుంది.

కుక్కలో చూడవలసినవి: కుంటడం, లేచేటప్పుడు మొదటి నాలుగడుగులు బిగుసుకుపోయి తరువాత సాఫీగా నడవడం, బరువును ఒక కాలిమీదినుంచి మరో కాలిమీదికి మార్చుకోవడం, వణకడం, ఎండలో లేకపోయినా వగర్చడం, ఒకే చోట పదే పదే నాకడం, తల ఒక పక్కకు వంచి విదిలించడం. చివరిది చెవి నొప్పికి గుర్తు. ముందుకాళ్లు నేలకు చాచి, రొమ్ము ఆనించి, నడుము పైకెత్తి నిలబడే భంగిమ ఒకటుంది. ఆట మధ్యలో క్షణకాలం అలా వంగితే అది ఆటే. ఆట లేకుండా పదే పదే అలా నిలబడితే అది కడుపునొప్పి. "మా కుక్క దండం పెడుతున్నది" అని ఇంటివారు మురిసిపోవడం నేను ఎరుగుదును.

పిల్లిలో చూడవలసినవి: నాలుగు కాళ్లూ ముడుచుకొని, వీపు గూనిలా ఎత్తి, తల వంచి కూర్చోవడం, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మానడంతో వీపుమీది వెంట్రుకలు జడలు కట్టడం, గోళ్లు అరగక పెరిగిపోవడం, మంచం కింద, బీరువా వెనుక గంటల తరబడి దాగి ఉండడం.

పిల్లి ముఖాన్ని చదివే పద్ధతి ఒకటి కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించారు. అది ఇంటివారు కూడా నేర్చుకోదగినది. అందులో చూడవలసినవి అయిదు. చెవులు నిటారుగా ముందుకు ఉన్నాయా, పక్కలకు వాలి దూరం జరిగాయా? కళ్లు విచ్చుకొని ఉన్నాయా, నొక్కిపెట్టినట్లు సగం మూసుకొన్నాయా? మూతి గుండ్రంగా సడలి ఉందా, బిగిసిందా? మీసాలు వంపుతో కిందికి వాలి ఉన్నాయా, బిరుసెక్కి తిన్నగా నిలిచాయా? తల భుజాలకంటె పైన ఉందా, కిందికి వాలిందా? ఒక్కొక్కదానికి మార్పు లేకపోతే సున్న, కొంత ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2 వేయాలి. మొత్తం 10కి 4 లేదా అంతకు మించితే ఆ పిల్లికి నొప్పి తగ్గించే చికిత్స అవసరమని వారి లెక్క. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు ఈ లెక్క వేయరాదు. కుక్కలకు స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు రూపొందించిన పట్టిక ఒకటుంది. దాన్ని పశువైద్యశాలల్లో ఉపయోగిస్తారు.

నా పిల్లి ఆ ఆదివారం మంచం కింద కూర్చున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. చెవులు పక్కలకు వాలి ఉన్నాయి. కళ్లు సగం మూసి ఉన్నాయి. నిద్ర వస్తున్నదనుకొన్నాను.

మూడవ పరీక్ష - స్పర్శనం

నొప్పితో ఉన్న జంతువు ఎంత మంచిదైనా కరుస్తుంది. ఆ సమయంలో అది ప్రేమనూ అపకారాన్నీ వేరుచేసి చూడలేదు. అందువల్ల ముఖాన్ని దాని ముఖానికి దగ్గరగా పెట్టరాదు. పిల్లల చేత ఈ పరీక్ష చేయించరాదు. వణుకుతున్నా, గుర్రుమంటున్నా తాకే ప్రయత్నం మానుకోవాలి.

శాంతంగా ఉన్నప్పుడు మెడ నుంచి తోక వరకు, భుజం నుంచి పాదం వరకు అరచేతితో మెల్లగా నిమరండి. ఏ చోట చర్మం ఉలిక్కిపడిందో, ఎక్కడ తల తిప్పి మీ చేతిని చూచిందో గుర్తుంచుకోండి. అక్కడ మళ్లీ నొక్కి చూడవద్దు. ఆ చోటు పశువైద్యునికి చెబితే చాలు.

ఇంట్లో తెలుసుకోదగిన కొలతలు మూడు ఉన్నాయి. ఒకటి, శ్వాస. గాఢ నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు రొమ్ము లేచిందో లెక్కించండి. కుక్కకైనా పిల్లికైనా 30 లోపు ఉండాలి. రెండు, చిగుళ్లు. మామూలుగా గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపల మళ్లీ రంగు తేరాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి కనుక ఆరోగ్యంగా ఉన్న రోజుననే ఒకసారి చూచి పెట్టుకోవాలి. మూడు, వేడి. వీటి సహజ ఉష్ణోగ్రత సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకంటె ఎక్కువ. అందుచేత ఒళ్లు పట్టి చూచి జ్వరమనడం, ముక్కు తడిగా ఉంది కాబట్టి జ్వరం లేదనడం రెండూ పొరపాట్లే.

ఇళ్లలో వినిపించే అపోహలు

"తింటున్నది కదా, నొప్పి ఏముంటుంది?" అంటారు. కుళ్లిన పళ్లతో కూడా కుక్క తింటుంది. ఆకలి నొప్పికంటె బలమైనది.

"పిల్లి గురగురమంటున్నది, సుఖంగానే ఉంది" అంటారు. పిల్లి సుఖంలో గురగురమన్నట్లే, తీవ్రమైన నొప్పిలోనూ, చివరి ఘడియల్లోనూ గురగురమంటుంది. ఆ శబ్దాన్ని ముఖంతో కలిపి చదవాలి.

"ముసలిదైంది, అందుకే కదలదు" అంటారు. ముసలితనం రోగం కాదు. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి అమెరికా పశువైద్యులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. మనం బద్ధకమనుకొనేది చాలాసార్లు మోకాలి నొప్పి. మనకు అరవై దాటాక మెట్లెక్కుతూ ఆగితే ఇంట్లోవారు బద్ధకమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

"గాయం నాక్కుంటే మానిపోతుంది" అంటారు. ఎక్కువ నాకితే గాయం పెద్దదై, చీము పడుతుంది.

ఇంటి వైద్యం ఎంతవరకు?

ఈ పత్రికలో గృహవైద్యం గురించి రాసే నేనే ఇక్కడ దానికి హద్దు గీయవలసి వస్తున్నది. చరక సంహిత సిద్ధిస్థానంలో వస్తికర్మ చెబుతూ ఏనుగు, ఒంటె, ఆవు, గుర్రం, మేక, గొర్రెలకు వేర్వేరుగా విధానం చెప్పారు. మనిషి మందును తగ్గించి జంతువుకు పోయమని ఆ మహర్షి చెప్పలేదు. ఏ జాతికి ఆ జాతి దేహధర్మం ఉంటుందన్నదే అందులోని భావం. నేను గుగ్గులు వేలమంది వాతరోగులకు ఇచ్చాను. పిల్లికి ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వవచ్చునో నా విద్య నాకు నేర్పలేదు. జంతువులకు వైద్యం చేసే అధికారం నమోదైన పశువైద్యులదని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కూడా చెబుతున్నది.

భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో ఉండే ఒక ఇల్లాలు నాకు రోగిగా పరిచయం. ఒక సాయంత్రం ఫోన్ చేసింది. గోడ దూకి పిల్లి కాలు బెణికించుకొన్నదట. "మా పిల్లలకు జ్వరమొస్తె ఏసేదే కదా అని సగం గోలి వేసిన సార్. ఇప్పుడు మూతి ఉబ్బింది" అన్నది. చిగుళ్ల రంగు అడిగాను. మట్టి రంగులో ఉన్నాయన్నది. ఆ గోలి పారాసెటమాల్. ఏ కషాయం పోయవద్దు, పసుపు రాయవద్దు, మందు రేకు వెంట తీసుకొని ఉన్నపళంగా పెద్ద పశువైద్యశాలకు బయలుదేరండి అన్నాను. వారు వాహనం మాట్లాడుకొని రాత్రికి రాత్రి వరంగల్ చేరారు. విరుగుడు మందు అందడంతో ఆ పిల్లి దక్కింది.

పారాసెటమాల్‌ను నిర్వీర్యం చేసే శక్తి మనిషి కాలేయానికి ఉంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి బహు స్వల్పం. విషం రక్తంలో చేరి, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. అందుకే చిగుళ్లు మట్టి రంగుకు తిరుగుతాయి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయడానికి చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కకు కడుపులో పుండ్లు చేసి రక్తం కక్కిస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. నొప్పి బామ్, కర్పూరం, నీలగిరి తైలం వంటివి ఒంటికి పూస్తే జంతువు నాకి మింగుతుంది. పిల్లికి అవి విషం. వాతహరమని మనం వాడే వెల్లుల్లి, అలాగే ఉల్లి, కుక్కకూ పిల్లికీ రక్తకణాలను నాశనం చేస్తాయి.

ఇల్లు చేయదగిన ఉపచారం వేరే ఉంది. మెత్తని పక్క, గాలి తగిలే నీడ, చల్లని నీరు. నున్నని బండలమీద కాళ్లు జారకుండా గోనెసంచి పరచడం. ముసలి కుక్కకు మెడ వంచనవసరం లేకుండా గిన్నెను పీటమీద పెట్టడం. పిల్లికి మంచం ఎక్కడానికి ఒక చిన్న పీట, ఇసుక తొట్టికి తక్కువ ఎత్తు గట్టు. బరువు పెరగకుండా చూడడం. ఇవి ఏ మందుకూ తీసిపోవు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

గంట కూడా ఆగకూడనివి:
- గండుపిల్లి పదే పదే ముక్కుతూ మూత్రం పోయలేకపోవడం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.
- పిల్లి నోరు తెరచి శ్వాసించడం. కుక్కకు ఇది మామూలు కావచ్చు; పిల్లికి ప్రమాద సూచన.
- కుక్క పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఓకరింపులు మాత్రమే రావడం.
- పిల్లి వెనుక కాళ్లు హఠాత్తుగా పడిపోయి, చల్లబడి, బాధతో అరవడం.
- చిగుళ్లు తెల్లగా, నీలంగా, మట్టి రంగుగా మారడం.
- వాహనం తగలడం. లేచి నడిచినా లోపల రక్తం కారుతూ ఉండవచ్చు.
- పాము కాటు. చేను గట్లమీద తిరిగే కుక్కలకు మూతిమీద, ముందుకాలిమీద పడుతుంది. గంటు పెట్టడం, కట్టు బిగించడం చేయవద్దు.
- ఎలుకల మందు, పత్తి చేలకు కొట్టే పురుగుమందు, మనుషుల మాత్రలు తినడం.
- అయిదు నిమిషాలకు మించిన మూర్ఛ, కంటి గాయం, లేచి నిలబడలేకపోవడం.
- 40 డిగ్రీలు దాటే మన వేసవిలో ఎండదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసరుతూ బయలుదేరాలి.

ఆ రోజే చూపవలసినవి: ఒక రోజంతా తిండి ముట్టకపోవడం, కాలు నేల మోపకపోవడం, ఆగని వాంతులు, మూత్రంలో రక్తం, ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఆడకుక్క అతిగా నీరు తాగుతూ డీలాపడడం లేదా యోని నుంచి చీము కారడం, పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం, కీళ్లనొప్పులు, ముక్కునుంచి రక్తం.

వారం లోపల చూపవలసినవి: మెట్లకు, దూకడానికి వెనకాడడం, నోటి దుర్వాసన, ఒకే చోట నాకడం, పెరుగుతున్న గడ్డ, అకారణమైన కోపం.

ఎలా తీసుకుపోవాలి?

ముందుగా ఫోన్ చేసి వైద్యుడు ఉన్నారో లేదో తెలుసుకోండి. మన మూడు పట్టణాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి. ప్రత్యేక పరీక్షలు అవసరమైతే వరంగల్, హైదరాబాదులకు వెళ్లవలసి వస్తుంది. వరంగల్ దగ్గర మామునూరులో, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్ వారికి రైలు ఉంది. భూపాలపల్లి వారికి రోడ్డు ప్రయాణమే ఆధారం కనుక వారు మరింత ముందుగా మేలుకోవాలి. రాత్రివేళ బండి ఎవరిది దొరుకుతుందో, ఎక్కడికి వెళ్లాలో, ఆ ఫోన్ నంబర్లేమిటో ఆపద రాకముందే గోడమీది క్యాలెండరుపై రాసి ఉంచండి.

పిల్లిని మూత ఉన్న వెదురు బుట్టలో గాని, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గాని పాత చీర పరచి కూర్చోబెట్టండి. దెబ్బ తగిలిన కుక్కను చేతులమీద వేలాడదీయక, దుప్పటిమీదికి లాగి నలువైపులా పట్టి ఎత్తండి. తిండి పెట్టకండి. జంతువు నడిచే తీరును, ముక్కే తీరును సెల్‌ఫోన్‌లో చిత్రించి తీసుకుపోతే మేలు. వైద్యుని బల్లమీద భయంతో అది కుంటడం మానేయవచ్చు.

ఒక హెచ్చరిక. టీకా లేని కుక్క లేదా పిల్లి హఠాత్తుగా స్వభావం మార్చుకొని, చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కొన్నదని నోట్లో చేయి పెట్టవద్దు. అది రేబిస్ కావచ్చు. దాన్ని గదిలో ఉంచి తలుపు వేసి పశువైద్యునికి తెలపండి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పెట్టి కాలం పోగొట్టుకోవద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే.

చివరిగా ఒక చిన్న అభ్యాసం

ఒక పాత నోటుపుస్తకం తీసుకోండి. మీ జంతువు ఆరోగ్యంగా ఉన్న ఈ రోజుననే దాని బరువు, నిద్రలో శ్వాస లెక్క, చిగుళ్ల రంగు, ఎక్కడ పడుకొంటుంది, ఎంత తింటుంది, ఎక్కడికి దూకుతుంది, రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తుంది రాసి పెట్టండి. నెలకొకసారి, పాలవాని లెక్క చూచే రోజున, దాన్ని తిరగవేయండి. మార్పు కనిపిస్తే తేదీ వేసి రాయండి. వైద్యుడు అడిగే ప్రశ్నలకు ఆ జంతువు తరఫున సమాధానం చెప్పే నోరు ఆ పుస్తకమే.

మా ఇంట్లో ఇప్పుడు మరో పిల్లి ఉంది. దానికీ ఒక పుస్తకం ఉంది. నా భార్య రాస్తుంది, నేను చదువుతాను. మొన్న అది రెండుసార్లు ఇసుకలో కూర్చుని లేచింది. ఆముదం సీసా వైపు చూడలేదు. బుట్ట తీసుకొని బయలుదేరాను. పశువైద్యుడు పరీక్షించి భయమేమీ లేదన్నారు. వృథా శ్రమ అని నాకు అనిపించలేదు.